ఆస్లర్ అడిగిన ప్రశ్న మన ఓపీలో ఎవరు అడుగుతున్నారు?

ఒంట్లో ఒకచోట ఉన్నట్టుండి వాపు వస్తుంది, రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. ఓసారి చెయ్యి, ఓసారి మొహం. మధ్యలో మెలిపెట్టే కడుపునొప్పి, వాంతులు. ఇలాంటి కేసు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విలియం ఆస్లర్ అనే డాక్టర్ కంటపడింది. ఆయన రోగిని చూసి మందు రాసి పంపేయలేదు. మీ ఇంట్లో ఇంకెవరికి ఇలా వచ్చేది అని అడుగుతూ పోయారు. ఐదు తరాల చరిత్ర బయటపడింది. ఇది వంశంలో దిగే జబ్బనీ (ఇప్పటి పేరు హెరిడిటరీ యాంజియోఎడీమా), గొంతు వాస్తే ఊపిరాడక ప్రాణం పోవచ్చనీ 1888లోనే రాశారు. లక్షణాలు తరతరాలకు ఎలా దిగుతాయో చెప్పిన మెండెల్ బఠాణీ మొక్కల లెక్కలు అప్పటికే అచ్చయినా పట్టించుకున్నవాళ్లు లేరు. అలర్జీ అన్న మాట పుట్టడానికి ఇంకా 18 ఏళ్లుంది.

కారణం తెలియడానికి మాత్రం 1963 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ రోగుల రక్తంలో సీ1 ఇన్‌హిబిటర్ అనే ప్రొటీన్ సరిగా పనిచేయడం లేదని వర్జీనియా డొనాల్డ్‌సన్, రిచర్డ్ ఎవాన్స్ చూపించారు. అది లేకపోతే రక్తనాళాలను వదులుచేసే బ్రాడీకైనిన్ అనే పదార్థం అదుపు తప్పుతుంది, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి వాపు వస్తుంది. అలర్జీలో దురద, దద్దుర్లు పుట్టించే హిస్టమిన్‌కు ఇందులో పాత్ర లేదు. అందుకే దురద ఉండదు, దద్దుర్లు రావు, అలర్జీకి పొడిచే ఎవిల్ ఇంజెక్షన్‌కు, స్టెరాయిడ్‌కు లొంగదు. పైకి అలర్జీ, లోపల జన్యువు. ఈ జబ్బుకు మేనరికంతో పని లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం.

ఇక్కడే వృద్ధుల సంగతి వస్తుంది. బీపీకి, గుండెకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్రలు బ్రాడీకైనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆపుతాయి. జన్యులోపం ఏమీ లేనివాళ్లలోనూ కొద్దిమందికి వీటివల్ల పెదవులు, నాలుక వాస్తాయి. మాత్ర మొదలుపెట్టిన వారంలోనే రావాలని లేదు, ఏళ్ల తరబడి హాయిగా వాడాక కూడా రావచ్చు. తోడుగా షుగర్‌కు విల్డాగ్లిప్టిన్ వాడుతుంటే ముప్పు ఇంకాస్త పెరుగుతుంది. మన ఇళ్లలో డెబ్బై ఏళ్ల పెద్దాయన మందుల డబ్బా తెరిస్తే ఈ రెండు రకాలూ పక్కపక్కనే కనిపించడం వింతేమీ కాదు.

ఆయన పొద్దున లేచేసరికి పైపెదవి బూరెలా ఉబ్బి ఉంటుంది. 'రాత్రి వంకాయ కూర పడలేదేమో' అంటుంది ఇల్లాలు. దగ్గర్లోని క్లినిక్‌లో ఒక ఎవిల్, ఒక డెక్సా స్టెరాయిడ్ పొడుస్తారు. వాపు తన టైం ప్రకారం తను తగ్గుతుంది, పేరు మాత్రం ఇంజెక్షన్‌కు వస్తుంది. వంకాయ మానేస్తారు, రామిప్రిల్ కొనసాగుతుంది. ఈసారి వాపు నాలుకకు వచ్చిందంటే క్లినిక్ దాకా వెళ్లే వ్యవధి ఉంటుందో లేదో.

తప్పు ఆ డాక్టర్ ఒక్కడిదే అంటే అన్యాయం. ఓపీలో బయట వందమంది క్యూ కట్టి ఉంటే ఐదు తరాల చరిత్ర ఎవరడుగుతారు? పైగా మనం రోగిని డిపార్ట్‌మెంట్ల వారీగా పంచేసుకున్నాం. వాపు చర్మవ్యాధుల వాళ్లది, కడుపునొప్పి సర్జన్‌ది, బీపీ కార్డియాలజిస్టుది. వంశపారంపర్య వాపు జబ్బున్నవాళ్లకు అపెండిక్స్ అనుకుని అనవసరంగా కడుపు కోసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో కొల్లలు. అన్నీ ఒకచోట చూడగలిగేది జనరల్ మెడిసిన్ వార్డు డాక్టరే. రీసెర్చ్ అంటే ల్యాబూ, విదేశీ గ్రాంటూ అనుకునే మన అలవాటు వల్ల అసలు నష్టం ఆ వార్డుకే. కేస్ షీటు డిశ్చార్జి కాగానే మూలన పడే కాగితం అవుతోంది.

అలాగని ఆస్లర్‌ను దేవుణ్ని చేయక్కర్లేదు. 1905లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వదిలి ఆక్స్‌ఫర్డ్ వెళ్తూ చేసిన వీడ్కోలు ప్రసంగంలో, అరవై దాటినవాళ్లు ఎందుకూ పనికిరారన్నట్టు మాట్లాడి, ఒక నవలను గుర్తుచేస్తూ ముసలివాళ్లను క్లోరోఫాంతో సాగనంపే ముచ్చట సరదాకు ఎత్తి పత్రికల చేత చీవాట్లు తిన్నారు. వాపు కేసులో ఐదు తరాలు తవ్వి తీసిన మనిషి వృద్ధాప్యం విషయానికొచ్చేసరికి అభిప్రాయంతో సరిపెట్టుకున్నారు. ఆ తేడా గుర్తుపెట్టుకోదగింది. ఎందుకంటే 'వయసైపోయింది కదా' అని సరిపెట్టుకునే ధోరణి మన వార్డుల్లో ఇప్పటికీ ఉంది.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. టీచింగ్ హాస్పిటళ్లలో దద్దుర్లు లేని వాపుతో వచ్చిన ప్రతి కేసుకూ ఒక రిజిస్టర్ పెట్టాలి. ఏ మాత్రలు వాడుతున్నారు, ఎన్నాళ్లుగా, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఎప్పుడైనా కారణం తేలని కడుపునొప్పికి ఆపరేషన్ అయిందా, ఇవి రాయాలి. రక్తంలోని సీ4 అనే ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష చేయించాలి. వంశపారంపర్య జబ్బులో అది సాధారణంగా తక్కువగా ఉంటుంది, బీపీ మాత్ర వల్ల వచ్చిన వాపులో మామూలుగానే ఉంటుంది. పీజీ థీసిస్‌కు ఇంతకన్నా పనికొచ్చే టాపిక్ ఉంటుందనుకోను.

కష్టం రెండో అడుగులో ఉంది. ఒకరికి తేలితే అన్నదమ్ములను, పిల్లలను పిలిపించాలి. జన్యువు మాట ఎత్తగానే పెళ్లి సంబంధాలు ఏమవుతాయోనన్న టెన్షన్ పట్టుకుంటుంది, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులకు. నిజానికి ముందుగా తెలియాల్సింది ఆ పిల్లలకే. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే ఈ వాపులు ఎక్కువవుతాయి. రాసిచ్చే గైనకాలజిస్టుకు ఇంట్లో ఈ జబ్బుందని ఎవరో ఒకరు చెప్పి ఉండాలి కదా.