రేకు రోజ్‌క్యాన్ గారికి బహిరంగ లేఖ

మొక్కలకు నీళ్ళు చల్లే డబ్బా అయిన మహారాజశ్రీ రోజ్‌క్యాన్ గారి సముఖమునకు మిద్దెతోటమాలి నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి.

ఆకుపచ్చ రంగు మీద గులాబీలు వేయించుకొని అంగడి వాకిట్లో నిలబడిన మిమ్మల్ని చూడగానే, ధర అయినా సరిగా అడగకుండా ఇంటికి తెచ్చుకున్నాను. కుండ కొనేటప్పుడు నాలుగుసార్లు మోగించి చూసే మనిషిని, మిమ్మల్ని మాత్రం పట్టి వంచి చూడలేదు. ఆనాటి నుంచి తులసికోట పక్కన తమరు ఫోటోలకు కొలువు తీరి ఉండగా, మొక్కలకు నీళ్ళు పోసే చాకిరీ మాత్రం పాత పెయింటు బకెట్టే చేస్తున్నది.

తమ ఒంటికి అంటించిన చీటీ మీద 10 లీటర్లని ఉన్నది. అయితే నీళ్ళు పోసే తమ కొమ్ము కొస తమ అంచుకంటే బెత్తెడు కిందుగా ఉన్నందువల్ల, ఏడు లీటర్లు దాటగానే మిగిలిన నీళ్ళన్నీ కొమ్ములోంచి నా పాదాలకు అభిషేకం చేస్తున్నాయి. నీరు పల్లమెరుగునని చిన్నపిల్లలకు కూడా తెలుసు గాని, తమకు రూపు దిద్దిన వారికి ఎవరూ చెప్పినట్లు లేదు. మోయడానికీ వంచడానికీ బరువు సమంగా కుదిరే డబ్బాకు జాన్ హాస్ అనే ఆంగ్లేయుడు 1886లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ కబురు తమ దాకా రావడానికి ఇంకా ఎంతకాలం పడుతుందో!

ఇక కొమ్ము చివరనున్న తమ జల్లు బిళ్ళ సంగతి. చిల్లులు ఆకాశం వైపు ఉంటే నీరు పైకి లేచి, సన్నని తుంపరగా దిగి, ఆవగింజలో సగమైనా లేని తోటకూర విత్తనాన్ని కదిలించకుండా మట్టిని తడుపుతుంది. తమ బిళ్ళ నేలచూపులు చూస్తుంది. పైగా ఊడి రాకుండా అతికించారు. మా బోరునీళ్ళ ఉప్పు పేరుకొని చిల్లులు మూసుకుపోతే, పిన్నీసు పట్టుకొని ఒక్కొక్కటే పొడుస్తూ ఆదివారాలు గడిపాను.

రెండో నెలలోనే రంగు పెచ్చులూడి, లోపల ఉన్నది వట్టి ఇనుమని బయటపడింది. జింకు పూత ఉన్న రేకైతే, గీత పడినచోట కూడా ముందు జింకే అరిగిపోయి ఇనుమును కాచేది. పైన పటారం, లోన లొటారం అన్నది తమను చూసే పుట్టి ఉంటుంది.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. నిమ్మమొక్క తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమం అనే మందు చేయబోయి, మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) తమలోనే కరిగించాను. ఇనుపపాత్ర దానికి పనికిరాదని, సున్నం చాలకపోతే అందులో ముంచి చూసే కత్తికి రాగి అంటుతుందనీ తెలిసిన రైతు ఇంటి బిడ్డనే. బద్ధకం అంత పని చేయించింది. తెల్లవారేసరికి తమరు లోపలంతా ఎర్రగా రాగి పులుముకొని, పూజగదిలోని రాగిచెంబుకు దగ్గరి బంధువునన్న ధోరణిలో కూర్చున్నారు. ఆ ధోరణి వారం తిరక్కముందే అడుగున కారడం మొదలుపెట్టింది. మాటు వేయిద్దామంటే, మాట్లు వేసే మనిషి మా వీధికి రావడం మానేసి ఏళ్ళయింది.

అందుచేత నిన్న మళ్ళీ అంగడికి వెళ్ళి, ముందుగా బకెట్టు నీళ్ళు అడిగాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, చివరికి ఇచ్చాడు. రంగు లేని జింకు రేకు డబ్బాలు మూడింటిని అంచుదాకా నింపి, వంచి, అతుకుల కింద పొడి కాగితం పెట్టి చూశాను. పది లీటర్లదైతే నిండినప్పుడు నీళ్ళే పది కిలోలు తూగుతాయి, మా మిద్దెకు ఇరవై రెండు మెట్లు. కనుక కొమ్ము ఎత్తుగా ఉండి, ఇత్తడి బిళ్ళ మరతిప్పితే ఊడి వచ్చే అయిదు లీటర్లవి రెండు తీసుకున్నాను, చేతికొకటి.

తమను పాత ఇనుముకు వేయడానికి మనసొప్పలేదు. లోపల రుద్ది కడిగి, అడుగున మేకుతో మరో మూడు చిల్లులు కొట్టి, మట్టి నింపి, మెంతులు చల్లాను. ఈ ఉదయం కొత్తవారితో తమకు నీళ్ళు పోశాను. కొమ్ములోంచి ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
పాదాలు ఆరిన తోటమాలి