సర్ది పట్టిందని టాక్రో ఆపుతరా?

మా నల్లగొండ చుట్టాల గ్రూపుల ఈ వారం ఇది నాలుగోసారి. ‘కిడ్నీ మార్పిడి అయినోళ్లకు సర్ది, దగ్గు పడితే ఇట్ల చేయుండ్రి’ అని ఐదు ముచ్చట్లు, కింద వరుసగ దండాల బొమ్మలు. పంపిన బావకు కిడ్నీ మార్పిడి అయిన మా తమ్ముని మీద ప్రేమే, కాదంటలేను. ఆ కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండ తమ్ముడు వేసుకునే గోలీనే టాక్రో (టాక్రోలిమస్). కాని బావా, జర ఇది చదువు.

ఆవిరి పట్టాలెనట. పట్టుకోనీ. వైరస్ చావదుగాని ముక్కు తేలికైతది.

మూడు రోజుల యాంటీబయాటిక్ వేసుకోవాలెనట. అది వైరస్ మందే కాదు. పైగా మెడికల్ షాపాయన క్లారిత్రోమైసిన్ చేతుల పెట్టిండనుకో, రక్తంల టాక్రో లెవెల్ ఎగబాకుతది. పంపర పనస రసం తాగాలెనట. దానితోని గూడ అదే తిప్పలు. బత్తాయి తోటల జిల్లాల నీకు ఇంకో పండే దొరకలేదా?

నాకు మండింది నాలుగోదానికి. ‘ఇమ్యూనిటీ పెరగాలంటే ఐదు రోజులు గోలీలు ఆపి, తిప్పతీగ కషాయం తాగాలె.’ అబ్బో! పెరిగిన ఇమ్యూనిటీ వైరస్‌నే వెతికి కొట్టి, కిడ్నీకి దండం పెట్టి పోతదా? మా అమ్మ ఇచ్చిందైనా సరే, తమ్ముని ఒంటికి అది పరాయిదే. అందుకే పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి ఫోన్ మోగంగనే గోలీ వేసుకుంటడు. దేవరకొండ పెండ్లిల బంతి మధ్యల, పప్పు కలిపిన చెయ్యి పక్కకు పెట్టి, ఎడమచేత్తోని జేబుల స్ట్రిప్పు తీసిండు. ఏండ్లుగ వాడుతున్న స్టెరాయిడ్ గూడ ఒక్కసారే ఆపితే బీపీ పడిపోయి మనిషే కూలబడొచ్చు. అది మెసేజ్‌ల రాయలే!

ఒక్కటి మాత్రం ఒప్పుకుంట. జబ్బు ముదిరితే ఇమ్యూనిటీని అణిచే ఇంకో గోలీ మైకోఫెనోలేట్‌ను డాక్టర్లే తగ్గిస్తరు, కొన్నాళ్లు ఆపుతరు గూడ. పోయిన చలికాలం తమ్మునికి ఫ్లూ అయితే సగం చేసిండ్రు. నేను నమ్మక ఫోన్‌ల డాక్టరమ్మతోని కొట్లాడిన. తప్పు నాదే. కాని ఆమె రక్తపరీక్ష చూసి చెప్పింది, వాట్సాప్ చూసి కాదు. టాక్రో, స్టెరాయిడ్ ముట్టలే. ఫ్లూ వైరస్ మందు ఒసెల్టామివిర్ అదే రోజు మొదలుపెట్టింది, మోతాదు క్రియాటినిన్‌ను (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) బట్టి. జబ్బు మొదలై 48 గంటలు దాటినా ఇట్లాంటోళ్లకు ఇస్తరట. అప్పుడు జ్వరం 99 గూడ దాటలే. ఈ మందుల మీదున్నోళ్లకు ఒళ్లు కాలకుండనే జబ్బు ఊపిరితిత్తుల దాక పోవచ్చు.

ఇగ ఆఖరుది, ఫ్లూ సూదితోని కిడ్నీ పోతదట. పోదు. ఏటా వేయించుకోమనే చెప్తరు. ముక్కుల కొట్టే, బతికున్న వైరస్ టీకానే వాళ్లకు వద్దు.

బావా, నిన్న నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌ల సగం దగ్గే ఉంది. ఆదివారం వస్తనన్నవు కద, రా. కాని వరండాలనే కూసో.