‘కొలెస్ట్రాల్ ఒక కట్టుకథ’ అనే సందేశానికి చిత్తూరు నుంచి జవాబు

చిత్తూరులో చాలా కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడవాటి సందేశం తిరుగుతోంది. దాని సారం ఇది. కొలెస్ట్రాల్ అనేది మందుల కంపెనీలు అల్లిన కథ, 2015లో అమెరికా ప్రభుత్వమే ఆ సంగతి ఒప్పుకుంది. కొవ్వు సమస్య లావుపాటి వాళ్లకే వస్తుంది, వస్తే మెడ పట్టేసి, నీరసం వచ్చి ఒళ్లే చెబుతుంది. వేరుశనగ నూనె, చట్నీ మానేయాలి. పంచదార బదులు బెల్లం ఎంత తిన్నా పరవాలేదు. వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, వెనిగర్, తేనె కలిపి కాచి తాగితే రక్తనాళాల్లోని పూడిక కరిగిపోతుంది. నెలకోసారి అలిపిరి మెట్లెక్కేవారికి మాత్రలతో పని లేదు. వాడుతున్నవాళ్లు ఈ రోజే ఆపేయండి.

నేను రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌ని, వైద్యురాలిని కాను. అయినా ఆ చివరి వాక్యం చదివి మాత్రలు ఆపేసినవాళ్ల రిపోర్టులు నా చేతి మీదుగానే వెళుతున్నాయి. అందుకే ఈ సందేశంలోని మాటలను ఒక్కొక్కటిగా పట్టుకుని జవాబు రాస్తున్నాను.

‘ఒళ్లే చెబుతుంది, సన్నగా ఉన్నవాళ్లకు భయం లేదు’

మొత్తం సందేశంలో అన్నింటికన్నా ప్రమాదకరమైనవి ఈ రెండు మాటలే. అందుకని ముందు వీటి దగ్గరే ఆగుతాను.

తీసిన రక్తాన్ని గొట్టంలో కాసేపు ఉంచి, గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. రక్తకణాలు అడుగున చేరతాయి, పైన సీరం తేరుతుంది. మామూలుగా అది లేత పసుపు రంగులో, గొట్టం వెనక పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంటుంది. రక్తంలో ఉండే మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, బాగా పెరిగినవాళ్లది మాత్రం మజ్జిగలా తెల్లగా వస్తుంది. ఆ గొట్టాన్ని ఒక రాత్రి ఫ్రిజ్‌లో కదపకుండా నిలబెడితే కొందరి సీరం పైన తెల్లటి పొర విడిగా తేలుతుంది. అది చూసినవాళ్లు మరి నూనె గారెల జోలికి తొందరగా పోరు.

చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ సంగతి అలా కాదు. ఎల్‌డీఎల్ 90 ఉన్న మనిషి సీరం, 220 ఉన్న మనిషి సీరం పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు. ఆ రేణువులు సీరాన్ని మసకబార్చలేనంత చిన్నవి. ఒంట్లోంచి బయటికి తీసి, వెలుతురులో పెట్టి చూసినా కనిపించనిది, లోపల ఉన్నప్పుడు మెడనొప్పిగా ఎలా బయటపడుతుంది? మెడ పట్టేయడానికి తలగడ, ఫోను, బస్సు ప్రయాణం లాంటి కారణాలు వంద ఉంటాయి. ఎల్‌డీఎల్ ఇరవై ఏళ్లు ఎక్కువగా ఉన్నా ఏ నొప్పీ పుట్టించకపోవచ్చు. చాలామందికి దాని మొదటి లక్షణం గుండెపోటే.

పైకి కనిపించే గుర్తులు అసలే లేవని అనను. కొందరికి కనురెప్పల లోపలి మూలల్లో పసుపుపచ్చని మచ్చలు తేలతాయి. మడమ వెనక ఉండే స్నాయువు గట్టిపడి లావెక్కుతుంది. 45 ఏళ్లు నిండకుండానే నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఏర్పడుతుంది. ఇవి ఉంటే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి. లేవు కదా అని నిశ్చింతగా ఉండటానికి మాత్రం వీల్లేదు, ఎందుకంటే కొలెస్ట్రాల్ పెరిగినవాళ్లలో ఎక్కువమందికి ఇవేవీ ఉండవు.

సన్నగా ఉండటం కూడా రక్షణ కాదు. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండే జన్యులోపం సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. వాళ్లలో బక్కపలచని వాళ్లూ ఉంటారు, శాకాహారులూ ఉంటారు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉంటే ఆ ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవలసిందే. అలాంటి చరిత్ర లేని ఇళ్లలోనైనా ఇరవై దాటినవాళ్లు ఒకసారి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్ష, చూసుకోవడం మంచిది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త సర్వేలో, పెద్దవారిలో 81 శాతం మందికి రక్తంలోని కొవ్వుల్లో ఏదో ఒకటి హద్దు తప్పి ఉన్నట్టు తేలింది. అంతమందీ లావుగా లేరు. మనవాళ్లలో ఎక్కువగా కనిపించే తీరు ఏమిటంటే, చేతులు కాళ్లు సన్నగానే ఉండి పొట్ట మాత్రం ముందుకు వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ తక్కువ. తూకం కంటే నడుము చుట్టూ టేపు పెట్టి చూడటం మేలు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి.

‘2015లో అమెరికా ఒప్పుకుంది’

ఇందులో సగం నిజం ఉంది, ఆ సగమే జనాన్ని నమ్మిస్తోంది. 2015లో వచ్చిన అమెరికా ఆహార మార్గదర్శకాలు, తిండిలో కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న పాత అంకెను తీసేశాయి. మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారుచేసేదే, తిండి నుంచి నేరుగా వచ్చేది తక్కువ. రోజుకో గుడ్డు చాలామందికి ఇబ్బంది కాదని అంటున్నది ఇందుకే. అయితే అవే మార్గదర్శకాలు సంతృప్త కొవ్వును (నెయ్యి, పామాయిల్, కొబ్బరి నూనెల్లో ఎక్కువగా ఉండే రకం) మొత్తం కేలరీల్లో పది శాతం లోపే ఉంచాలని చెప్పాయి, ఎందుకంటే ఎల్‌డీఎల్‌ను పెంచడంలో దానిదే పెద్ద చెయ్యి. రక్తంలోని కొలెస్ట్రాల్ వల్ల హాని లేదని అందులో ఎక్కడా లేదు. సందేశం రాసినవారు మొదటి వాక్యం చదివి పుస్తకం మూసేశారు.

‘వేరుశనగ మానేయండి’

వేరుశనగ పండే జిల్లాలో ఈ మాట చెల్లుబాటు కావడం నాకు బాధగా ఉంది. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే ఉంటుంది. వేరుశనగలో లేదు, నువ్వుల్లో లేదు, కొబ్బరిలోనూ లేదు. కాబట్టి ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని పెద్ద అక్షరాలతో వేసుకునే నూనె ప్రత్యేకంగా సాధించినదేమీ లేదు. చూడవలసింది సంతృప్త కొవ్వు ఎంత అన్నది. వేరుశనగ నూనెలో అది అయిదో వంతుకు మించదు. పామాయిల్‌లో దాదాపు సగం, నెయ్యిలో సగానికి పైనే, కొబ్బరి నూనెలో ఎనభై శాతం పైమాటే. సంగటిలోకి వేరుశనగ చట్నీ మానేసి, సాయంత్రం పామాయిల్‌లో వేగిన బజ్జీలు తింటే ఎల్‌డీఎల్ తగ్గదు. మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించే బండి దగ్గరైతే ఇంకా చేటు.

ఏ నూనె అయినా కొలత ముఖ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు 27 గ్రాములు చాలు. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. నూనె డబ్బా తెరిచిన రోజున దాని మీద పెన్నుతో తేదీ రాసి పెట్టుకోండి. ఎన్ని రోజుల్లో అయిపోయిందో చూస్తే ఏ వంటింటి లెక్క ఆ వంటింటికే తెలుస్తుంది.

‘బెల్లం ఎంతైనా తినవచ్చు’

చిత్తూరు బెల్లానికి ఉన్న పేరు గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు. కానీ బెల్లంలోనూ అధిక భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. అందులోని కాస్త ఇనుము, ఖనిజాలు కాలేయానికి పని తగ్గించవు. అవసరానికి మించి వచ్చిన చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి, ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి వదులుతుంది. అందుకే ‘నేను మాంసం ముట్టను, నాకెందుకు ఇంత వచ్చింది?’ అని అడిగేవాళ్లు మా కౌంటర్ దగ్గర తరచూ కనబడతారు. వాళ్ల పళ్లెంలో కొవ్వు తక్కువే ఉండవచ్చు. అన్నం మాత్రం మూడు వాయిలు, పప్పు నాలుగు చెంచాలు, కూర నంచుకోవడానికి, పొద్దున, సాయంత్రం చక్కెర వేసిన కాఫీ. మద్యం తాగేవారిలో ట్రైగ్లిజరైడ్లు ఇంకా వేగంగా పెరుగుతాయి. అవి 500 దాటితే గుండె సంగతి అలా ఉంచి క్లోమం (పాంక్రియాస్) వాచే ముప్పు మొదలవుతుంది, వెయ్యి దాటితే ఆ ముప్పు మరీ ఎక్కువ. అలాంటి రిపోర్టు వచ్చిన రోజునే డాక్టరును కలవాలి.

ఈ కొవ్వు విషయంలో ఒక మంచి కబురు కూడా ఉంది: అలవాట్లకు ఇది తొందరగా లొంగుతుంది. మద్యం, తీపి మాని, అన్నం తగ్గించి, రోజూ నడిచినవారి ట్రైగ్లిజరైడ్లు కొన్ని వారాల్లోనే సగానికి పడిపోవడం చూస్తుంటాం. మన పాత వంటల్లో దీనికి కావలసినవన్నీ ఉన్నాయి. ఉలవలు, అలసందలు, అనపగింజలు, మెంతులు, బెండకాయ. వీటిలోని కరిగే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపుతుంది. దాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. పితికిన పప్పు (నానబెట్టి పొట్టు తీసిన అనపగింజలు) కాలంలో ఆ కూర గిన్నెడు తిని సంగటి ముద్ద చిన్నది చేసుకోండి. రాగి అన్నారు కదా అని పెద్ద ముద్దలు రెండు తింటే, అందులో కలిసిన బియ్యంతో సహా అదీ పిండి పదార్థమే.

‘కషాయం పూడికను కరిగిస్తుంది’

వెనిగర్, నిమ్మరసం కడుపులోకి వెళతాయి, రక్తనాళాల్లోకి ఆమ్లంగా చేరవు. చేరితే మనిషి బతకడు. పైగా పూడిక అనేది నాళం లోపల పేరుకున్న మడ్డి కాదు, నాళం గోడ పొరల మధ్య ఏళ్ల తరబడి పెరిగిన గడ్డ. దాన్ని ఏ పానీయమూ కడిగేయలేదు. వెల్లుల్లి వల్ల కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గవచ్చు, కూరల్లో హాయిగా వేసుకోండి. తేనె కూడా చక్కెరే.

‘కొండెక్కితే చాలు’

అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. భక్తితో ఎక్కేవారికి నా నమస్కారం. వ్యాయామం ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తుంది, హెచ్‌డీఎల్‌ను కొంత పెంచుతుంది, ఎల్‌డీఎల్‌ను కొద్దిగానే కదుపుతుంది. ట్రైగ్లిజరైడ్ల మీద ఒక రోజు శ్రమ ప్రభావం ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. కాబట్టి నెలకోసారి ఎక్కే మెట్ల కంటే వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున చురుకుగా నడవడం ఎక్కువ మేలు చేస్తుంది. నాళాల్లో పూడిక ఉన్నదో లేదో తెలియని మనిషి, అలవాటు లేకుండా ఒక్కసారిగా కొండెక్కడం ప్రమాదం కూడా. మెట్ల దారిలో గుండెపోటు ఘటనల తర్వాత, గుండెజబ్బు, అధిక బరువు ఉన్నవారు నడకదారిలో రావద్దని తిరుమల తిరుపతి దేవస్థానమే 2024లో సూచించింది. ఈ సందేశం సరిగ్గా అలాంటివాళ్లనే మాత్రలు మాని కొండెక్కమంటోంది.

‘మాత్రలు ఈ రోజే ఆపేయండి’

కొలెస్ట్రాల్ మాత్రల్లో ముఖ్యమైనవి స్టాటిన్లు. చీటీల మీద అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అని కనిపిస్తాయి. అవి కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తాయి. అప్పుడు కాలేయం తన అవసరం కోసం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. కాలేయ కణాల మీద ఉండి అలా లాక్కునే గ్రాహకాలను (రిసెప్టర్లను) కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగులను సగం సగం చేసి, ఒక సగానికి స్టాటిన్, మరో సగానికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి అయిదేళ్లకు పైగా గమనించారు. 1994లో ఫలితం వచ్చింది. ఉత్త మాత్ర తీసుకున్నవారిలో 256 మంది చనిపోతే, మందు తీసుకున్నవారిలో 182 మంది చనిపోయారు.

ఇవి కంపెనీల లెక్కలని కొట్టిపారేసేవారికి మరో సంగతి చెబుతాను. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ తక్కువగా ఉండే జన్యుమార్పు కొందరిలో ఉంటుంది. వాళ్లు ఏ మాత్రా మింగలేదు, ఏ కంపెనీ వాళ్లను తయారు చేయలేదు. అలాంటివారికి గుండెపోట్లు చాలా తక్కువగా వస్తున్నాయని 2006లో తేలింది. ఎల్‌డీఎల్ ఎక్కువైతే ముప్పు పెరగడం, తక్కువైతే తగ్గడం రెండూ ప్రకృతిలోనే కనబడుతున్నప్పుడు ఇక కట్టుకథ ఎక్కడుంది?

మాత్రలకు దుష్ప్రభావాలే లేవని చెప్పను. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, మధుమేహం వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది. గర్భిణులు వీటిని వాడకూడదు. కండరాలు విపరీతంగా నొప్పి పెట్టి, మూత్రం ముదురు రంగులో వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కానీ 2020లో లండన్ పరిశోధకులు, దుష్ప్రభావాల వల్ల స్టాటిన్ మానేసినవారికి, ఏది ఏదో తెలియకుండా, కొన్ని నెలలు మందు, కొన్ని నెలలు ఉత్త మాత్ర ఇచ్చి చూస్తే, మందుతో వచ్చిన బాధల్లో దాదాపు తొంభై శాతం ఉత్త మాత్రతోనూ వచ్చాయి. ఇలాంటి సందేశాలు పుట్టించే భయమే ఒళ్లునొప్పిగా తయారవుతోంది. నొప్పి నిజమే అయినా మందు మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, స్టాటిన్ కాని మందులూ ఉన్నాయి. ఆ మాట డాక్టరుతో తేల్చుకోవాలి.

మా దగ్గర ఎక్కువగా జరిగేది మరొకటి. ‘పోయినసారి నార్మల్ వచ్చింది కదమ్మా, అందుకే ఆపేశాను’ అంటారు. ఆ నార్మల్ మాత్ర వల్ల వచ్చింది. ఆపిన కొద్ది వారాల్లో ఎల్‌డీఎల్ మళ్లీ మొదటి చోటికి చేరుతుంది. ఇంకొకటి, రిపోర్టు పక్కన అచ్చువేసే హద్దులు అందరికీ ఒకటి కావు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు ఉంటే చాలు, ఒకసారి గుండెపోటు వచ్చినవారికి 55 లోపుకు దించాలని మన దేశ హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. 95 చూసి ‘బాగానే ఉంది’ అని మాత్ర మానేసిన గుండె రోగికి అది బాగా లేనట్టే.

పరీక్షకు వచ్చేవారికి రెండు మాటలు. మామూలు తనిఖీకి పరగడుపు తప్పనిసరి కాదు, కానీ ట్రైగ్లిజరైడ్లు ఎక్కువని తెలిసినవారు పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా రండి. జాతర విందు మరునాడు, పెళ్లి భోజనం మరునాడు రావద్దు. ఎల్‌డీఎల్ ఉన్నట్టుండి పెరిగితే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించమని డాక్టరును అడగండి, థైరాయిడ్ మందగించినా అది పెరుగుతుంది. మాత్ర మొదలుపెట్టినవారు ఒకటి నుంచి మూడు నెలల లోపు, తిండి మార్చుకున్నవారు మూడు నెలలకు మళ్లీ చూపించుకోండి. వచ్చేటప్పుడు పాత రిపోర్టు వెంట తెచ్చుకోండి.