సవరణ: ఏమిటో తెలియని శాంపిళ్లు, 2.5 కిలోల నిబంధన

గత పోస్టులో "ఏమిటో తెలియని రసాయన శాంపిల్‌ను 2.5 కిలోల లోపు అయితే పరీక్షకు పంపొచ్చు" అని ఉంది. బరువు తక్కువైతే వర్గీకరణే అక్కర్లేదని కొందరు అనుకుంటున్నారు. అలా కాదు. ఆ వాక్యం బదులు ఇది చదవండి.

ప్రమాదకర సరుకుల రవాణాపై ఐక్యరాజ్యసమితి నిబంధనల ప్రకారం, పంపేవారు తమకు తెలిసినంత మేరకు తాత్కాలికంగా ఒక ప్రమాద తరగతి, పేరు, యూఎన్ నంబరు (ప్రమాదకర సరుకును గుర్తించే నాలుగంకెల సంఖ్య) నిర్ణయించాలి. ఆ పేరుకు వర్తించే ప్యాకింగ్ గ్రూపుల్లో (ప్రమాద తీవ్రత స్థాయిలు: 1 అత్యధికం, 3 అతి తక్కువ) అతి కఠినమైనదే తీసుకోవాలి. ఉదాహరణకు పాత డ్రమ్ములో థిన్నర్ వాసన వేసే ద్రవం దొరికిందనుకోండి: యూఎన్ 1993, మండే ద్రవం. ఇక్కడ ప్యాకింగ్ గ్రూప్ 1 వేయాలి. "అంత తీవ్రంగా ఉండదులే" అని 3 వేస్తే కుదరదు. పేరుతో పాటు 'శాంపిల్' అన్న మాట చేర్చాలి. సాంకేతిక నామం రాయనక్కర్లేదు. అది తెలిస్తే ఈ తిప్పలెందుకు!

2.5 కిలోలు ఒక్కో ప్యాకేజీకి నికర పరిమితి. లోపలి పాత్ర, బయటి పెట్టె రెండూ ఉండాలి, వేరే సరుకు కలపకూడదు.

అసలు ముఖ్యమైనది ఇంకొకటి. పేలుడు పదార్థమనో, అంటువ్యాధి కారకమనో, రేడియోధార్మికమనో, రవాణా నిషిద్ధమనో అనుమానించడానికి కారణముంటే ఈ వెసులుబాటు వర్తించదు. సెల్ఫ్-రియాక్టివ్ పదార్థాలకు (గాలి అందకపోయినా వాటంతటవే వేడెక్కి విచ్ఛిన్నమయ్యేవి), అలాగే అస్థిరంగా ఉండే ఆర్గానిక్ పెరాక్సైడ్లకు అదనపు షరతులున్నాయి. రోగుల రక్తం, కఫం లాంటివాటి దారి వేరు: బి కేటగిరీ (అంటువ్యాధి కారకాల్లో తక్కువ ప్రమాదకరమైన వర్గం) అయితే యూఎన్ 3373.