డ్రాక్యులా మీసం ఎవరు గొరిగారు?

మా విజయనగరం కుర్రాళ్లు కొందరు డ్రాక్యులా నవలను తెలుగులో సినిమా తీయాలని కంకణం కట్టుకున్నారు. కెమెరా అద్దెకు దొరికింది. 1713లో కట్టిన కోట ఎలాగూ ఊరి నడిబొడ్డునే ఉంది. భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని నాలుగు రాళ్లు వెనకేసుకున్న లేఅవుట్ల ఆసామి ఒకాయన పెట్టుబడికి సై అన్నాడు. కథా చర్చలకు నన్నూ పిలిచారు. టీ, పకోడీలకు కృతజ్ఞుణ్ణే గానీ, ప్రజాహితం దృష్ట్యా కొన్ని అభ్యంతరాలు నమోదు చేయక తప్పడం లేదు.

మొదటిది మీసం. బ్రామ్ స్టోకర్ రాసిన పుస్తకంలో రక్తం తాగే డ్రాక్యులా దొర పొడవాటి తెల్ల మీసంతో వచ్చి తలుపు తీస్తాడు. 1931లో హాలీవుడ్ వాళ్లు బేలా లుగోసీతో తీసేసరికి ఆ మీసం ఎగిరిపోయింది. నున్నటి మూతి, నల్లటి కోటు, నూనె రాసి దువ్విన జుట్టు ఖాయమైపోయాయి. మీసం లేని జమీందారును మన జిల్లాలో ఎవడు లెక్కచేస్తాడు? మీసం మెలేయకుండా ఇంటర్వెల్ కార్డు ఎలా వేస్తారు? అడిగితే డైరెక్టరు కుర్రాడు, "మీసం పెడితే కోరలు కనపడవు సార్" అన్నాడు. కోరలే కావాలంటే దానికి నవల ఎందుకు, పళ్ల డాక్టరు చాలడా?

అసలు సినిమా వాళ్లు తేలిగ్గా దాటేసిన చోటే ఉంది కథంతా. ఈ నవల రక్తంతో మొదలవదు, రిజిస్ట్రేషన్‌తో మొదలవుతుంది. జోనథన్ హార్కర్ అనే కుర్ర లాయరు ఆస్తి కాగితాలు సంచిలో పెట్టుకుని ఇంగ్లండు నుంచి, డ్రాక్యులా కోట ఉన్న ట్రాన్సిల్వేనియాకు బయల్దేరతాడు. దారిలో హోటల్లో మిరపపొడి దట్టించిన కోడికూర తిని, రాత్రంతా దాహంతో అల్లాడి, కూజాలో నీళ్లన్నీ ఖాళీ చేసి, అయినా సరే ఆ కూర ఎలా చేస్తారో కనుక్కుని కాబోయే భార్యకు చెప్పాలని డైరీలో రాసుకుంటాడు. నాటుకోడి విలువ తెలిసినవాడు. ఏ సినిమాలోనైనా ఈ సీనుకు దక్కాల్సిన గౌరవం దక్కిందా?

కోటలో నౌకర్లు లేరు. అతిథికి పక్క వేసేది, కంచం పెట్టేది దొరగారే. హార్కర్ తలుపు సందులోంచి చూసి గుండెలు బాదుకుంటాడు. రక్తం తాగే జమీందారును చూసి మనవాళ్లు జడుసుకోరు గానీ, దుప్పటి తనే దులుపుకునే జమీందారును చూపిస్తే హాలు హాలంతా గొల్లుమంటుంది.

ఇంతకీ ఆయన కొన్న ఆస్తి లండన్ దగ్గర కార్‌ఫాక్స్ అనే పాత బంగళా. ఇరవై ఎకరాల దాకా స్థలం, చుట్టూ రాతి గోడ, లోపల చెరువు. కుర్ర లాయరు ఫొటోలు కూడా తీసి తెచ్చాడు. ఒక సాయంత్రం దొరగారు సోఫాలో పడుకుని ఏదో చదువుకుంటుంటే చూస్తాడు. మంత్రాల పుస్తకం అనుకున్నారా? ఇంగ్లండు రైళ్ల టైంటేబుల్! ఒళ్లు జలదరించే సీనంటే అదీ. ఎకరాల్లో స్థలం కొని, స్టేషన్‌కు ఎంత దూరమో లెక్కేసుకునేవాడు వట్టి దెయ్యం కాదు, మనకు బాగా తెలిసిన మనిషే. ఆయన మనవైపు వస్తేనే తిప్పలు. శ్రీకాకుళం రోడ్డు అని టికెట్టు కొంటే ఆమదాలవలసలో దిగాలి. అక్కడి నుంచి ఊళ్లోకి ఆటో బేరంలో ఎవరు ఎవరి రక్తం తాగుతారో నేను పూచీ పడలేను.

ఓడ సీను కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర తీస్తారట. పుస్తకంలో దొర ఎక్కిన ఓడ బల్గేరియాలోని వార్నా నుంచి ఇంగ్లండులోని విట్బీ చేరేసరికి సరంగులందరూ ఒక్కొక్కరే మాయమై, కెప్టెన్ చక్రానికి చేతులు కట్టేసుకుని చచ్చి ఉంటాడు. సరుకు యాభై మట్టి పెట్టెలు, కాగితాలు మాత్రం పక్కా. చిక్కు ఇక్కడే. వంశధార మొగ దగ్గర అర్ధరాత్రి యాభై పెట్టెల మట్టి దిగితే పిశాచమని ఎవడనుకుంటాడు? వే బిల్లు ఏదని అడుగుతారు.

ఎండ తగిలితే డ్రాక్యులా బూడిదైపోతాడన్నది స్టోకర్ మాట కాదు. ఆయన పట్టపగలు లండన్ వీధుల్లో తిరిగాడు. ఆ చావు 1922లో జర్మన్లు కనిపెట్టారు. హక్కులు కొనకుండా పేర్లు మార్చి 'నొస్ఫెరాటు' తీస్తే స్టోకర్ భార్య కోర్టుకెక్కింది, ప్రింట్లన్నీ ధ్వంసం చేయమని తీర్పొచ్చింది. అయినా కొన్ని మిగిలాయి. 1966 నాటి సినిమాలో డ్రాక్యులా వేషం వేసిన క్రిస్టఫర్ లీకి ఒక్క డైలాగూ లేదు. మన హీరోలెవరికీ ఈ సంగతి చెప్పకండి. 1992లో హాలీవుడ్ దర్శకుడు కొప్పోలా ఏకంగా రచయిత పేరు టైటిల్లో పెట్టి, రచయిత కలలో కూడా రాయని పునర్జన్మ ప్రేమకథ తీశాడు. మన కుర్రాళ్లకు నచ్చింది సరిగ్గా అదే. రామతీర్థం కొండ మీద డ్యూయెట్‌కు ట్యూన్ కూడా రెడీ.

డ్రాక్యులా అచ్చయింది 1897లో. మా గురజాడవారి కన్యాశుల్కం మొదటి కూర్పూ ఆ ఏడాదే. అందులో ముసలి పెళ్లికొడుకు కోటలో ఉండడు, అగ్రహారంలో ఉంటాడు. పసిపిల్లను బేరమాడి, డబ్బులు లెక్కపెట్టి తెచ్చుకోబోతాడు. వెల్లుల్లి దండా, శిలువా ఆయన్నేం చేయలేవు, పక్కన శాస్త్రం తెలిసినవాళ్లు కూర్చుని ఉంటారు. ఈ సంగతి చర్చల్లో ఎత్తితే, "అది కామెడీ కదా సార్" అన్నారు.

క్లైమాక్సు మీద గంటసేపు గొడవైంది. గుండెలో మేకు దిగాలని వాళ్లు, పుస్తకంలో దొరను చంపేది రెండు కత్తులని, అందులో ఒకటి గూర్ఖా కత్తని నేను. అంతవరకు ఫోన్ చూసుకుంటూ కూర్చున్న ఆసామి అప్పుడు తలెత్తాడు.

"కత్తులు తర్వాత చూద్దాం గానీ మాస్టారూ, ఆ ఇరవై ఎకరాల్లో చెరువుందన్నారు. కప్పేస్తే ఎన్ని ప్లాట్లు పడతాయేటి?"