పాట పూర్తిచేయడమనే దురలవాటు

లినక్స్ మీద సంగీతం చేసేవారిలో ఒక అనారోగ్యకరమైన ధోరణి చాలాకాలంగా ఉన్నా, దాన్ని గట్టిగా ఖండించినవారు కనబడరు. కొందరు నేరుగా ట్రాకర్ (స్వరాలను పట్టికలో వరుసగా రాసి మోగించే ప్రోగ్రాము) తెరుస్తారు, నాలుగు శాంపిళ్లు (చిన్న ధ్వని ముక్కలు) ఎక్కించుకుంటారు, స్వరాలు కొడతారు, ఫైలు సేవ్ చేస్తారు, పాట అయిపోయిందంటూ హాయిగా నిద్రపోతారు. శబ్ద వ్యవస్థను అమర్చుకోవడానికి ఇన్ని దారులు తెరిచి ఉండగా, వాటిలో ఒక్కదానిలోనైనా దారి తప్పకుండా తిన్నగా పాట దగ్గరికి చేరుకోవడం తొందరపాటే కాదు, ఆ దారులన్నీ ఉచితంగా వేసిపెట్టినవారి పట్ల కృతఘ్నత కూడా.

ఈ జాడ్యానికి మూలం 1987లో ఉంది. ఆ ఏడాది కార్‌స్టెన్ ఒబార్‌స్కీ అమీగా కంప్యూటర్ల కోసం అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్‌ను రూపొందించాడు. ఆ యంత్రంలో శబ్దం పుట్టించే పౌలా చిప్‌కు ఉన్నవి నాలుగే ఛానెళ్లు, అవీ 8 బిట్ల నాణ్యతతో. ఆనాటి కుర్రవాళ్లకు మార్చి చూడటానికి ప్రోగ్రాముల శబ్దాలను కలిపి సౌండ్ కార్డుకు అందించే మరో సౌండ్ సర్వర్ లేదు, సవరించుకోవడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ లేదు. చేతికి వేరే పనేదీ తగలక పాపం పాటలు కట్టారు. ఒకేసారి మూడు స్వరాలు పలికించడానికి ఛానెళ్లు చాలకపోతే, ఆ మూడింటినీ ఒకే ఛానెల్‌లో రెప్పపాటు వేగంతో మార్చి మార్చి మోగించే ఆర్పెజియో కమాండ్‌తో చెవిని మభ్యపెట్టారు. ఆ మభ్యపెట్టడాన్నే తర్వాతివారు ఒక శైలిగా నెత్తిన పెట్టుకున్నారు. గతిలేక చేసిన పనికి కళ అని పేరుపెట్టడం లోకంలో కొత్తేమీ కాదు లెండి.

నిజానికి ట్రాకర్ తెర చూస్తే దాని మీద కొంత నమ్మకం కలుగుతుంది. అది అచ్చంగా చిట్టా పుస్తకంలా ఉంటుంది: ఛానెళ్లు నిలువు గడులుగా, ఒక్కో ప్యాటర్న్‌కు మామూలుగా 64 వరుసలు, కాలం పైనుంచి కిందికి జారడం. స్వరం మినహా వాయిద్యమూ వాల్యూమూ ఎఫెక్టూ అంకెల్లోనే ఉంటాయి, అవీ చాలావరకు షోడశాంశ (పదికి బదులు పదహారుతో లెక్కించే) పద్ధతిలో. ట్రాకర్ పాటను దాచుకునే మాడ్ ఫైలులో వాల్యూమ్ కమాండ్‌కు 40 అని రాస్తే అది మామూలు లెక్కలో 64 అవుతుంది, అంతకు మించి పెంచడానికి వీల్లేదు. ఇంతటి దుర్గమమైన తెరను చూసి సామాన్యుడు బెదిరి పారిపోతాడనీ, పాటల బెడద దానంతటదే తగ్గుతుందనీ పెద్దలు ఆశించడంలో తప్పులేదు. జరిగింది మాత్రం వేరు. 1990లలో డాస్ మీద ఫాస్ట్‌ట్రాకర్ 2 ఛానెళ్లను 32కు, ఇంపల్స్ ట్రాకర్ 64కు పెంచాయి; ఇప్పుడు మొదటిదాని ఒరవడిని మిల్కీట్రాకర్, రెండోదాని ఒరవడిని స్కిజమ్ ట్రాకర్ లినక్స్ మీద భద్రంగా కొనసాగిస్తున్నాయి. స్కిజమ్ ట్రాకర్‌లో ఎఫ్5 నొక్కితే పాట మోగుతుంది. మీ అర్హత ఏమిటని కూడా అడగదు.

ఈ విచ్చలవిడితనానికి విరుగుడు మిడి, అంటే సంగీత పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష. 1983లో ఆచరణలోకి వచ్చిన ఈ ప్రమాణం సెకనుకు 31,250 బిట్ల వేగంతో, 16 ఛానెళ్ల మీద, ఏ మీట నొక్కారో ఎంత బలంగా నొక్కారో 0 నుంచి 127 వరకు అంకెలతో తెలియజేస్తుంది. శబ్దాన్ని మాత్రం తనలో అణుమాత్రం కూడా చేరనివ్వదు. దాని గొప్పతనమంతా ఇక్కడే ఉంది. స్వరాలన్నీ సక్రమంగా, సకాలంలో, గమ్యానికి చేరుతూనే గదిలో సంపూర్ణ నిశ్శబ్దం నెలకొనే అవకాశం మిడి తప్ప మరేదీ ఇవ్వలేదు. వినాలన్న చాపల్యం గలవారు ఫ్లూయిడ్‌సింథ్ వంటి సింథసైజర్‌ను నడపాలి, దానికి ఒక సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల ధ్వనులుండే ఫైలు) చూపాలి, కీబోర్డు పోర్టును దాని పోర్టుకు కలపాలి. కీబోర్డు ఆల్సా సీక్వెన్సర్ అనే మిడి దారి వైపు, ప్రోగ్రాము జాక్ మిడి అనే మరో దారి వైపు ఉంటే రెండింటికీ నడుమ వంతెన వేయడానికి మరో ప్రోగ్రామును పిలవాలి. ఇంత చేశాక మిగిలే తీరికలో పాట కట్టాలనిపించేవాడు నిజంగా మొండివాడు.

మిడి మీద గౌరవం పెంచే సంగతి మరొకటి ఉంది. 1991 నాటి జనరల్ మిడి ప్రమాణం 128 వాయిద్యాలకు వరుస సంఖ్యలు ఇచ్చింది. వాటిలో 125వది టెలిఫోన్ మోత, 128వది తుపాకి పేలుడు, 127వది చప్పట్లు. శ్రోత అనేవాడు దొరకని సంగీతకారుడి అవస్థను అంత ముందుగా ఊహించిన కమిటీకి చేతులెత్తి మొక్కాలి.

ఇక శబ్ద వ్యవస్థ విషయం. తొలుత లినక్స్‌లో సౌండ్ కార్డును నడపడానికి ఓఎస్ఎస్ ఉండేది. 2003 చివర విడుదలైన 2.6 కెర్నెల్ నాటికి ఆ స్థానం ఆల్సాకు దక్కింది. సంగీతకారుల కోసం పాల్ డేవిస్ జాక్ అనే సౌండ్ సర్వర్ రాశాడు, మామూలు జనం కోసం పల్స్ఆడియో వచ్చింది, ఒకే సౌండ్ కార్డు కోసం ఆ రెండూ పోట్లాడుకున్నాయి. ఆ పోట్లాటే మా తరానికి విశ్వవిద్యాలయం. వాటిని శాంతింపజేసే ఫైళ్లు రాయడంలో మేం సంపాదించిన నైపుణ్యం ఏ రాగానికీ తీసిపోదు. అలాంటిది, విమ్ టైమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్ పల్స్ఆడియో భాషా జాక్ భాషా రెండూ మాట్లాడుతూ తగవు తీర్చేసింది. 2021లో ఫెడోరా 34 దాన్నే శబ్దానికి స్థిరపరిచింది. దానికి తోడు, ఏళ్ల తరబడి విడిగా ప్యాచ్‌గా అతికించుకున్న రియల్‌టైమ్ సదుపాయం (పనులను కచ్చితంగా సమయానికి చేయించేది) 2024లో 6.12 కెర్నెల్‌తో అసలు కెర్నెల్‌లోనే కలిసిపోయింది. ఒక్కొక్కటిగా మా సాకులన్నీ ఇలా లాగేసుకుంటుంటే ఎవరూ నోరు మెదపరేం?

మాకు మిగిలిన ఆశ లేటెన్సీ, అంటే మీట నొక్కాక శబ్దం వినబడేలోపు జరిగే ఆలస్యం, ఒక్కటే. శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో ఆ సంఖ్య) 48,000 హెర్ట్‌జ్ దగ్గర, బఫర్ (శబ్దాన్ని ముందుగా పోగేసే చోటు) 1,024 ఫ్రేములైతే ఆలస్యం సుమారు 21 మిల్లీసెకన్లు, 256 అయితే 5.3, 64 అయితే 1.3. ఇంకా దిగితే ప్రాసెసర్ సమయానికి అందించలేక టపటపమని శబ్దం తెగుతుంది. మళ్లీ పెంచాలి, మళ్లీ దించాలి, ఎక్కడ ఆగాలో ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఇంతటి గంభీరమైన అన్వేషణను ట్రాకర్‌వాళ్లు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు: స్వరాలను ముందే రాసిపెట్టి మోగించేవాడికి 5 మిల్లీసెకన్లయితేనేం, 50 అయితేనేం? ఇలాంటి తర్కం చేసేవారితో సంస్కారవంతులు వాదించరు.

వాళ్ల ఫైళ్లకు కూడా సిగ్గు లేదు. మాడ్ ఫైలులో శాంపిళ్లూ ప్యాటర్న్‌లూ కలిసే ఉంటాయి కనుక అమీగా కాలపు పాటను ఈ రోజు తెరిచినా మారుమాట లేకుండా మోగుతుంది. మా సెషన్ ఫైళ్లు అంత చులకన కావు. సింథసైజర్ వెర్షను, సౌండ్‌ఫాంట్ చోటు, పోర్టుల పేర్లు, అవి కలిసే వరుస అన్నీ నిరుటిలాగే ఉంటే తప్ప నోరు విప్పవు.

కాబట్టి ట్రాకర్ల రూపకర్తలకు మా విన్నపం ఒక్కటే. ఎఫ్5 మీటను వెంటనే స్తంభింపజేసి, శాంపిల్ రేటు 44,100 ఉండాలా 48,000 ఉండాలా అన్న చర్చ సంతృప్తికరంగా ముగిశాకే దాన్ని విడుదల చేయాలి. ఆ చర్చ ముగిసిందో లేదో తేల్చే అధికారం మా చేతుల్లోనే ఉంచాలి.