ధర్మయుద్ధం, గుర్తు కత్తెర

పంచాయతీ ఎన్నికలొస్తే చాలు, కొండమల్లేపల్లి చౌరస్తా నుంచి కల్వకుర్తి దాకా ఏ ఊరి కమాను దగ్గర చూసినా ఒకటే ఫ్లెక్సీ. నాలుగు తెల్ల గుర్రాల రథం, పగ్గాలు పట్టుకున్న శ్రీకృష్ణుడు. వెనుక అర్జునుడు నిలబడాల్సిన చోట తెల్లంగీ, నల్ల కళ్ళద్దాలు, చేతికి స్మార్ట్ వాచీతో సర్పంచ్ అభ్యర్థి. పైన పెద్దక్షరాల్లో 'ఇది ధర్మయుద్ధం', కింద చిన్నక్షరాల్లో 'కత్తెర గుర్తుకే మీ అమూల్యమైన ఓటు'. ఎదుటి కరెంటు స్తంభానికి ప్రత్యర్థి ఫ్లెక్సీ. దాంట్లోనూ అదే రథం, అదే కృష్ణుడు. కొట్టించిన షాపు ఒకటే కాబట్టి గుర్రాలు కూడా అవే. ఇతని గుర్తు ఉంగరం, తేడా అంతే.

నల్లగొండ నుంచి గద్వాల దాకా ఇన్ని ఎన్నికలు జరిగాయి గదా, 'నేను దుర్యోధనుణ్ణి, నా తరఫున పదకొండు అక్షౌహిణులున్నాయి, ఆలోచించి ఓటెయ్యండి' అని నిజాయితీగా నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. అందరూ అర్జునులే. రెబల్ అభ్యర్థి కూడా అర్జునుడే. పాండవులూ కౌరవులూ ఇద్దరూ వద్దని పంపించేసిన రుక్మి అనే రాజు ఒకాయన భారతంలో ఉన్నాడనీ, తన వేషం అదనీ ఆ రెబల్‌కు ఎవరూ చెప్పరు.

సరే, ధర్మయుద్ధమే అనుకుందాం. ఆ మాట వాడితే దాని నియమావళి కూడా మెడకు చుట్టుకుంటుంది. భీష్మపర్వం మొదట్లోనే, ఇంకా ఒక్క బాణం పడకముందు, రెండు పక్షాలూ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. రథికుడితో రథికుడే పోరాడాలి, ఏనుగు మీదివాడితో ఏనుగు మీదివాడే, గుర్రం మీదివాడితో గుర్రం మీదివాడే, కాల్బలంతో కాల్బలమే. మాటలతో యుద్ధం చేసేవాడికి మాటలతోనే బదులివ్వాలి. ఆయుధం లేనివాణ్ణి, కవచం జారినవాణ్ణి, వెన్ను చూపినవాణ్ణి, ఇంకొకడితో పోరులో ఉన్నవాణ్ణి కొట్టకూడదు. సారథుల మీద, ఆయుధాలు మోసేవాళ్ళ మీద, భేరీ వాయించేవాళ్ళ మీద, శంఖం ఊదేవాళ్ళ మీద చెయ్యి వేయకూడదు. ఆనాటి యుద్ధం ఆగిపోగానే ఇరుపక్షాలూ మునుపటిలాగే స్నేహంగా ఉండాలి.

వీటిలో మన మండలాల్లో తు.చ. తప్పకుండా అమలవుతున్నది చివరి నియమం ఒక్కటే. పొద్దుగూకగానే ఇద్దరు నాయకులూ ఏదో ఒక ఫంక్షన్ హాల్లో ఒకే బల్ల మీద కూర్చుని మటన్ ముక్కలు ఒకరి విస్తరిలోకి ఒకరు తోస్తుంటారు. వాళ్ళ కోసం తల పగలగొట్టుకున్న అన్నదమ్ముల పిల్లలు మాత్రం ఐదేళ్ళ దాకా ఒకరి పెండ్లికి ఒకరు పోరు. మిగతా నియమాల గతి చెప్పనక్కర్లేదు. మాటకు మాటే బదులన్నారు, కానీ ఇక్కడ మాట్లాడేది ఆటో మీద కట్టిన మైకు. రికార్డు చేసిన గొంతుతో వాదం పెట్టుకున్న వీరుడు ఏ పర్వంలోనూ లేడు. భేరీ వాయించేవాణ్ణి కొట్టొద్దన్నారు. మన దగ్గర మొదటి రాయి పడేదే డీజే బాక్సు మీద. సారథిని ముట్టొద్దన్నారు. రెండో రాయికి పగిలేది బొలెరో ముందద్దం. ఆ బండి కిరాయిది. అద్దం డబ్బులు డ్రైవర్ జీతంలో కోస్తారు.

అయినా మన అభ్యర్థుల్నే తిట్టి లాభమేముంది? అసలు ఒప్పందం చేసుకున్న మహావీరులే దాన్ని ఎన్నాళ్ళు కాపాడారో చూడండి. శంఖాలు ఊదకముందే మొదటి దెబ్బ భోజనాల దగ్గర పడింది. పాండవుల మేనమామ శల్యుడు ఒక అక్షౌహిణి సేనతో మేనల్లుళ్ళ దగ్గరికి బయలుదేరాడు. దుర్యోధనుడు ఆ దారి పొడుగునా విడిదులు కట్టించి, వంటలు చేయించి, మర్యాదలు చేయించాడు. ఇదంతా ధర్మరాజు ఏర్పాటనుకుని కడుపునిండా తిన్న శల్యుడు, ఎవరు పెట్టారో రమ్మనండి, వరమిస్తానన్నాడు. దుర్యోధనుడు చాటు నుంచి ఇవతలికొచ్చాడు. అక్షౌహిణి అటు పోయింది. బిర్యానీకి కండువా మార్చడం మనవాళ్ళు కనిపెట్టిన విద్యేమీ కాదు. ఆ తర్వాత ధర్మరాజు ఏమన్నాడు? ధర్మం తప్పావు మామా అనలేదు. 'అటే ఉండు, కర్ణుడికి సారథ్యం చేయాల్సి వచ్చినప్పుడు వాడి ధైర్యం చెడగొట్టు' అని కోరాడు. అవతలి బూతులో మన ఏజెంటును కూర్చోబెట్టడమంటే ఇదే.

పదో రోజు శిఖండిని ముందు పెట్టి, వెనకనుంచి అర్జునుడు భీష్ముణ్ణి పడగొట్టాడు. శిఖండి మీద బాణం వేయనన్న నియమం భీష్ముడు పెట్టుకున్నది, ఎదుటివాళ్ళకు దాంతో పనిలేదు. పైగా తనను పడగొట్టే ఉపాయం ముందురోజు రాత్రి వాళ్ళకు చెప్పింది కూడా ఆ తాతే. పధ్నాలుగో రోజు పాండవుల వైపున్న యాదవ వీరుడు సాత్యకితో పోరులో ఉన్న కౌరవుల వైపు భూరిశ్రవుడి చెయ్యి, ఆ పోరుతో సంబంధం లేని అర్జునుడు పక్కనుంచి నరికాడు. ఇదేం ధర్మమని భూరిశ్రవుడు ఆయుధం వదిలి, తిండి మాని ప్రాణం విడిచే ప్రాయోపవేశానికి కూర్చుంటే, అందరూ వద్దు వద్దని అరుస్తుండగా సాత్యకి వెళ్ళి తల తీశాడు. ఆ రోజు పొద్దుగూకినా యుద్ధం ఆగలేదు.

ఆ రాత్రి గురించి మన అభ్యర్థులకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళు నిజంగా పాటిస్తున్న పర్వం అదొక్కటే. చీకట్లో ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియక దీపాలు పెట్టించారు. కౌరవులు రథానికి ఐదు, ఏనుగుకు మూడు, గుర్రానికి ఒకటి చొప్పున పెట్టారు. అది చూసి పాండవులు రథానికి పది, ఏనుగుకు ఏడు, గుర్రానికి రెండు పెట్టారు. అవతలివాడి రేటు చూసి మనం రెట్టింపు చేయడం అప్పటినుంచీ ఉన్నదే.

ఇక మన ఊళ్ళో పోలింగుకు ముందు రాత్రి. ఇక్కడ దీపాలు పెట్టరు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకుతారు. ఓటరు జాబితా వార్డులవారీగా చించి, ఒక్కో కాగితం ఒక్కో జట్టుకు ఇస్తారు. పేరు పక్కన మూడు రకాల గుర్తులుంటాయి: మనోళ్ళు, అటోళ్ళు, డౌటు. ధనమంతా డౌటు వైపే ప్రవహిస్తుంది. మనోళ్ళకు ఇవ్వకపోతే పొద్దున్నకల్లా వాళ్ళూ డౌటులోకి మారతారు. అందుకే అనుభవమున్నవాడు మొదట సొంత వాడకట్టులోనే పంచుతాడు. కొత్తవాడు పెద్ద నోట్లు తెస్తాడు, చిల్లర దొరక్క ముగ్గురికి కలిపి ఒక నోటిస్తాడు, ఆ ముగ్గురూ తెల్లారేదాకా కొట్లాడి నాలుగోవాడికి ఓటేస్తారు. రెండు జట్లూ ఒకే సందులో ఎదురైతే అప్పుడు చూడాలి ధర్మయుద్ధం. ఒకరు లోపలుంటే ఇంకొకరు వేపచెట్టు కింద సెల్‌ఫోన్ లైటు ఆపి ఓపిగ్గా నిలబడతారు. ఇంకొకడితో పోరులో ఉన్నవాడి మీద పడకూడదన్న నియమం అక్షరాలా పాటిస్తారు.

"అవ్వా, మీ ఇంట్ల నాలుగు ఓట్లు, చూసుకో."

"ఐదు బిడ్డా. చిన్నోడు పట్నంకెల్లి వస్తుండు. బస్సు కిరాయి గూడ నువ్వే ఇయ్యాలె."

"ఇస్త గని, ఒట్టెయ్యి. మనుమడి నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

"పోరడు పండుకున్నడు గదరా..."

"పండుకున్నా నెత్తి ఉంటది గదనే అవ్వా."

అవ్వ ఒట్టు వేస్తుంది. ఆ పక్కనే నిలబడి అభ్యర్థి తన ఒట్టు తాను వేస్తాడు: 'గెలవంగనే నీకు ఇల్లు ఇప్పిస్త' గట్టిగా, 'మంజూరైతే' గొంతులో. ద్రోణుడి ముందు ధర్మరాజు 'అశ్వత్థామ హతః' అని గట్టిగా, 'కుంజరః' అని మెల్లగా అన్నదానికి శిక్షగా, అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆయన రథం నేలకు దిగింది. మనవాళ్ళ బొలెరోకు ఆ భయం లేదు. అది ముందునుంచీ గుంతల్లోనే ఉంది, ఆ గుంతలు పూడుస్తామనేగా పోటీ!

మరి పొద్దున్నే ఏమవుతుంది? అవ్వ మాట నిలబెట్టుకుంటుంది. మనుమడి నెత్తి మీద చెయ్యిపెట్టింది, భయం. ఊరు మొత్తంలో మర్యాద నియమాన్ని తప్పకుండా పాటించేది ఆమె ఒక్కతే. ఓడిన వీరుడు మాత్రం మూడో రోజున జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగి పైసలు వాపసు అడుగుతాడు. 'మాట తప్పిండ్రు, ఊర్ల నీతి లేదు' అంటాడు. పంచినవాడు నీతి అడుగుతున్నాడు! పదిహేడో రోజు రథచక్రం నేలలో కుంగినప్పుడు కర్ణుడికీ ఇట్లాగే ధర్మం గుర్తొచ్చింది, కాసేపు ఆగు అర్జునా, ఇది వీరధర్మం కాదన్నాడు. లక్క ఇల్లు కాల్చినప్పుడు, జూదంలో మోసం చేసినప్పుడు, ద్రౌపదిని సభకు ఈడ్చినప్పుడు, పసివాణ్ణి చుట్టుముట్టి చంపినప్పుడు ఆ ధర్మం ఎక్కడికి పోయిందని కృష్ణుడు అడిగాడు. కర్ణుడు తల వంచుకున్నాడు. మనవాళ్ళు తల వంచరు, ఎన్నికల అధికారికి ఫిర్యాదు రాస్తారు.

ఆ పసివాడి దగ్గరికే వస్తున్నాం. పదమూడో రోజు. గెలుపో చావో తేల్చుకుంటామని ఒట్టేసుకున్న సంశప్తకులు అర్జునుణ్ణి దూరంగా లాక్కుపోయారు. వ్యూహంలోకి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదని పదహారేళ్ళ అభిమన్యుడు ముందే చెప్పాడు. నువ్వు దారి చెయ్యి, నీ వెనకే మేమంతా వస్తామని ధర్మరాజు, భీముడు మాటిచ్చారు. పిల్లవాడు వెళ్ళాడు. వెనకవాళ్ళను సైంధవుడు ఆపేశాడు. వీణ్ణి ఎట్లా పడగొట్టాలని కర్ణుడు అడిగితే ద్రోణాచార్యులు పాఠం చెప్పినట్టు చెప్పారు: కవచం తెగదు, ముందు విల్లు తెంచండి, గుర్రాలను చంపండి, సారథులను చంపండి. నియమావళిలో వద్దన్న పనులన్నీ వరసపెట్టి, గురువు నోటితో. విల్లు కర్ణుడు తెంచాడు, గుర్రాలను కౌరవుల వైపు చేరిన యాదవ వీరుడు కృతవర్మ చంపాడు, రథానికి పక్కన కాపుండే పార్ష్ణి సారథులను కృపుడు చంపాడు.

మా ఊళ్ళలో ప్రతి ఎన్నికలోనూ ఆ పదమూడో రోజు వస్తుంది. బైకులో పెట్రోలు పోయించి, మెడలో కండువా వేసి, 'మీరు ముందు నడువుండ్రి తమ్మీ, వెనక మేమున్నం' అంటారు. రాళ్ళు లేస్తాయి. కేసవుతుంది. ఎఫ్ఐఆర్‌లో ఏ-1 నుంచి ఏ-12 దాకా చూడండి, ఫ్లెక్సీ మీది అర్జునుడి పేరు ఉండదు. డిగ్రీ చదివి, పొద్దున్నే నాలుగింటికి లేచి గ్రౌండులో పరుగెత్తి, కానిస్టేబుల్ పరీక్ష పాసైన పిల్లగాడు అటెస్టేషన్ ఫారంలో 'మీపై క్రిమినల్ కేసులేమైనా ఉన్నాయా' అన్న గడి దగ్గర ఆగిపోతాడు. ఉందని రాస్తే ఉద్యోగం అనుమానం, లేదని రాస్తే దాచినందుకు ఉన్నది పోతుంది. గల్ఫ్‌కు పోదామంటే పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో అదే కేసు. వాయిదా వాయిదాకు కూలి పోగొట్టుకుని, బస్సు కిరాయి పెట్టుకుని కోర్టుకు తల్లి కూడా వస్తుంది. వెనక ఉన్నమన్నవాళ్ళు ఏరీ? ఫోన్ ఎత్తరు. ఎత్తితే 'వకీలుతో మాట్లాడిన' అంటారు. సిగ్గులేదా మీకు? మీ కొడుకు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకోవాలి, పక్కింటి రైతు కొడుకు మీ పద్మవ్యూహంలో చావాలా? ధర్మరాజు కనీసం ఆ రాత్రి కూర్చుని ఏడ్చాడు!

పద్దెనిమిది అక్షౌహిణులంటే కాల్బలమే 19,68,300 మంది. వ్యాసుడు అన్ని వేల శ్లోకాలు చెప్పాడు, గుర్రాలకూ శంఖాలకూ పేర్లు పెట్టాడు. పేరున్న పదాతి ఒక్కణ్ణి చూపించండి.

పద్దెనిమిదో రోజు గదాయుద్ధంలో నాభికింద కొట్టకూడదన్న నియమం భీముడి చేతిలో, దుర్యోధనుడి తొడతోపాటు విరిగింది. బలరాముడు నాగలెత్తి మండిపడ్డాడు, కృష్ణుడు పట్టుకుని ఆపాడు, బలరాముడు రథమెక్కి ద్వారకకు పోయాడు. తీర్థయాత్రలు చేసి ఆఖరి రోజున వచ్చి నీతి చెప్పే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, వదిలేద్దాం. నిక్కచ్చిగా మాట్లాడింది కృష్ణుడొక్కడే. నేరుగా పోరాడితే వీళ్ళను మీరు గెలిచేవాళ్ళు కారని పాండవుల మొహం మీదే చెప్పాడు. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ పక్కన ఈ మాట కూడా అచ్చేయించే ధైర్యం ఏ పానెల్‌కైనా ఉందా?

ఫలితాలొచ్చిన రాత్రి సంగతి అందరికీ తెలుసు. అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్ళ గుడారాల్లోకి దూరాడు. పారిపోయి వచ్చినవాళ్ళను ద్వారం దగ్గర కృపుడు, కృతవర్మ నరికారు, శిబిరానికి మూడు చోట్ల నిప్పు పెట్టారు. మన దగ్గర గడ్డివాములు కాలతాయి, బోరు వైర్లు తెగుతాయి. తర్వాత కృపుడు పాండవుల మనుమడు పరీక్షిత్తుకే గురువయ్యాడు. గెలిచినవాడి పక్కన శాలువా కప్పుకుని నిలబడే సలహాదారును చూసి ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఎవరు నియమం తప్పారన్న పంచాయితీ మాత్రం తెగలేదు, ముప్పై ఆరేళ్ళు నడిచింది. ద్వారకలో అంతకుముందు మద్యం కాచకూడదని ఆజ్ఞ వేశారు, కాస్తే శూలానికి ఎక్కిస్తామన్నారు. మన బెల్టు షాపులకు పోలింగు ముందు ఎంత తాళం పడుతుందో ఆ ఆజ్ఞ కూడా అంతే పనిచేసింది. ప్రభాసతీర్థంలో యాదవులందరూ తాగారు. సాత్యకి లేచి, నిద్రపోతున్నవాళ్ళను చంపిన వీరుడా అని కృతవర్మను ఎగతాళి చేశాడు. చెయ్యి తెగి కూర్చున్నవాడి తల నరికింది నువ్వు కాదా అని కృతవర్మ అన్నాడు. సాత్యకి కత్తి తీసి కృతవర్మ తల తెగనరికాడు. చుట్టూ కూర్చుని తింటున్న భోజులు, అంధకులనే యాదవులు లేచి, చేతుల్లో ఉన్న ఎంగిలి గిన్నెలతోనే సాత్యకిని కొట్టారు. ఎంగిలి గిన్నెతో కొట్టకూడదని భీష్మపర్వం ఒప్పందంలో ఎక్కడా రాసుకోలేదు.